చిత్తు లేకుండా సాపు రాయబోతే

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది నెల్లూరు జిల్లాలో పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఎంఏ ఇంగ్లీషు చేసి, ఇప్పుడు చెన్నైలో పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. కాలేజీ ఫస్టియర్ పిల్లలకు ఇంగ్లీషులో రాయడం మనం ఎలా నేర్పుతున్నాం, వాళ్లు ఎలా నేర్చుకుంటున్నారు అన్నది నా టాపిక్. తీరా చూస్తే నాకే రాయడం రావడం లేదు. రెండో చాప్టర్ మొదలుపెట్టి పదకొండు నెలలైంది, తొమ్మిది పేజీలు దాటలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట, నా పని అలా ఉంది.

వారానికి పన్నెండు గంటలు క్లాసులు చెబుతున్నాను. అరవై మంది పేపర్లు నేనే దిద్దాలి. మొన్న ‘మై ఫాదర్’ అని పేరా రాయమంటే నలభై మంది ‘ఫాదర్ ఈజ్ ది బ్యాక్‌బోన్ ఆఫ్ ది ఫ్యామిలీ’ అనే మొదలుపెట్టారు. కాశిమేడు చేపల హార్బర్ వైపు నుంచి వచ్చే ఒకబ్బాయి ఉన్నాడు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాడు ముందు ‘మై ఫాదర్ ఈజ్ బ్రేకింగ్ ఐస్ ఇన్ హార్బర్ మార్నింగ్ త్రీ ఓ క్లాక్’ అని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద మళ్లీ ఆ బ్యాక్‌బోన్ వాక్యమే రాశాడు. వాడికి ఏం నేర్పాలో తెలియక పదికి అయిదు వేసి పక్కన పెట్టాను.

నా చాప్టర్ మా గైడ్‌గారి దగ్గరి నుంచి లైను లైనుకీ ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. చివర ‘రీరైట్. బీ క్లియర్’ అని రాశారు. ఏం చేస్తే క్లియర్ అవుతుందో చెప్పలేదు. మొదటి వాక్యం మీకోసం రాస్తున్నాను: ‘ఫ్రమ్ టైమ్ ఇమ్మెమోరియల్, రైటింగ్ హాజ్ బీన్ ఏన్ ఇంటెగ్రల్ పార్ట్ ఆఫ్ హ్యూమన్ సివిలైజేషన్.’ సెలవులకు ఇంటికెళ్తే మా మావయ్య, ‘రాయడం ఎల్‌కేజీలోనే నేర్పుతారు కదమ్మా, దాని మీద పీహెచ్‌డీ ఏంటి’ అని అందరిలో నవ్వాడు. ఇక్కడి ఐటీ కంపెనీల రోడ్డు ఓఎంఆర్‌లో ఒక కంపెనీలో కంటెంట్ రైటర్ ఉద్యోగం ఉంది, వెళ్లిపోనా? రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

– ఒక పరిశోధక విద్యార్థిని, తిరువాన్మియూర్, చెన్నై

సమాధానం: వయసులో నాకంటే ముప్పై అయిదేళ్లు చిన్నదానివి కాబట్టి ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు. నేనూ ఈ ఊళ్లోనే ముప్పై ఏళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. అరవై పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని బస్సెక్కడం అంటే ఏమిటో నాకు తెలుసు.

ఉద్యోగం సంగతి ముందు తేల్చేద్దాం. ఇప్పుడే వెళ్లకు. ఇంట్లో డబ్బు అవసరం ఉండి వెళ్తానంటే నేను అడ్డు చెప్పను, కానీ నీ ఉత్తరంలో డబ్బు మాట ఎక్కడా లేదు. రాయలేకపోతున్నానని వెళ్తానంటున్నావు. వెళ్లేది మళ్లీ రాసే ఉద్యోగానికే. అక్కడ గైడ్ బదులు మేనేజర్ ఉంటాడు, ఎర్ర సిరా బదులు స్క్రీన్ మీద ఎర్ర గీతలు ఉంటాయి. ఈ చాప్టర్ సంగతేదో తేలాక ఆలోచించు.

ఇక అసలు విషయం. నీ ఉత్తరంలో రెండు వాక్యాలు నాకోసం ఎత్తి రాశావు, ఒకటి ఆ అబ్బాయిది, ఒకటి నీది. రెండూ ఒక కాగితం మీద పైనా కిందా రాసుకుని చూడు. బ్యాక్‌బోన్ వాక్యం ఏ తండ్రికైనా సరిపోతుంది. టైమ్ ఇమ్మెమోరియల్ వాక్యం ఏ థీసిస్‌కైనా సరిపోతుంది. తప్పు పట్టడానికి వీల్లేని వాక్యాలు కావాలని ఇద్దరూ వెతుక్కున్నారు, ఇద్దరికీ దొరికాయి. వాడికి గైడ్‌బుక్‌లో దొరికింది, నీకు పాత థీసిస్‌లలో దొరికింది. తేడా అల్లా, వాడు కొట్టేసిన వాక్యం ఇంకా కాగితం మీద కనిపిస్తోంది. నువ్వు కొట్టేసినవి ల్యాప్‌టాప్‌లో డిలీట్ అయిపోయాయి. పదకొండు నెలల్లో ఎన్ని పోయాయో నీకే తెలియదు.

మా చిన్నప్పుడు బళ్లో వ్యాసం రాయమంటే ముందు చిత్తు పుస్తకంలో రాసి, తర్వాత సాపు పుస్తకంలో ఎత్తేవాళ్లం. చిత్తు పుస్తకం ఎవరికీ చూపించనక్కర్లేదు. అందులో కొట్టివేతలు, బాణాలు, మధ్యలో పక్కదాని బొమ్మ, అన్నీ ఉండేవి. కంప్యూటర్ వచ్చాక చిత్తుకూ సాపుకూ ఒకటే ఫాంటు అయిపోయింది. మొదటి వాక్యం టైప్ చేయగానే అచ్చయినట్టు కనిపిస్తుంది, అచ్చయినట్టు కనిపించగానే అందులో తప్పులు కళ్లకు గుచ్చుకుంటాయి. నువ్వు చిత్తు రాయడం మానేసి నేరుగా సాపు రాయబోతున్నావు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, రాయడానికి కూర్చుంటూ ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటున్నావు.

ఇది నీ సబ్జెక్టులో ఉన్నదే, నీకు తెలియదని కాదు. మిగతా పాఠకుల కోసం చెబుతాను. సాండ్రా పెర్ల్ అనే ఆవిడ న్యూయార్క్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో, రాయడం రాదని పేరు పడ్డ అయిదుగురు విద్యార్థులను పక్కన కూర్చుని గమనించింది. ఆ పరిశోధన 1979లో అచ్చయింది. వాళ్లకు చెప్పడానికి ఏమీ లేదేమో అనుకుంటాం. తీరా చూస్తే మాట ఉంది, ఊపు ఉంది. అయితే వాక్యం సగంలో ఉండగానే స్పెల్లింగ్ సరిచూసుకోవడం మొదలుపెట్టేవాళ్లు. అది సరిచూసే లోపు చెప్పదలుచుకున్నది జారిపోయేది. దిద్దుబాటు మరీ తొందరగా వచ్చి పడుతోంది, అదీ ఆవిడ కనిపెట్టింది. నీ లిటరేచర్ రివ్యూలో, అంటే పాత పరిశోధనల గురించి రాసే భాగంలో, పెర్ల్ పేరు తప్పకుండా ఉండే ఉంటుంది. ఆ పేజీ నువ్వు రాసిన రోజు ఒక్కో వాక్యానికి ఎన్నిసార్లు వెనక్కి వెళ్లావో గుర్తు తెచ్చుకో.

దానికంటే ముందు, 1971లో జానెట్ ఎమిగ్ పన్నెండో తరగతి పిల్లలు ఎనిమిది మందిని, రాస్తూ రాస్తూ మనసులో ఏం నడుస్తోందో పైకి చెప్పమంది. ఆ పని నీ మీద నువ్వే చేసుకో. ఒక్క రోజు చాలు. ఫోన్‌లో రికార్డర్ పెట్టుకుని, హాస్టల్ రూమ్‌లో ఎవరూ లేనప్పుడు, చాప్టర్‌లో ఒక పేరా రాస్తూ బయటికి మాట్లాడు. మర్నాడు విను. ‘ఇక్కడ ది పెట్టాలా వద్దా’, ‘ఈ మాట సార్ వాడతారా’, ‘ఇది మరీ సింపుల్‌గా ఉందేమో’ ఇలాంటివి ఎన్ని ఉన్నాయి, నీ క్లాసులో పిల్లల గురించి ఎన్ని ఉన్నాయి, లెక్కపెట్టు. ఎన్ని వస్తాయో నేను చెప్పను కానీ, ఆ రికార్డింగ్ దాచుకో. నీ టాపిక్‌కి అది డేటా అవుతుంది.

ఈ ఎర్ర పెన్ను చేసే పని ఏమిటో పుస్తకాల్లో చదవకముందే నేను ఒక పిల్లాడి మీద ప్రయోగించి చూశాను. కాలేజీలో ఉన్న రోజుల్లోనే, ఆదివారాలు మా వీధిలో తెలుగు పిల్లలకు తెలుగు రాయడం, చదవడం నేర్పేదాన్ని. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు, బళ్లో తమిళం, ఇంగ్లీషు. తెలుగు నోటికి వస్తుంది, చేతికి రాదు. ఒక ఎనిమిదేళ్లవాడు మూడు నెలల్లో అక్షరాలు పట్టేశాడు. ఒక ఆదివారం పేజీ నిండా రాసుకొచ్చాడు. మొదటి వాక్యం ఇప్పటికీ గుర్తుంది: ‘మా జేజి నాకు ఇడ్లి పెట్టినాది ఆమె చెయ్యి కాలినాది.’ నేనేం చేశాను? జేజి కొట్టేసి నాయనమ్మ అని రాశాను. ఇడ్లికి దీర్ఘం ఇచ్చాను. పెట్టినాది కొట్టేసి పెట్టింది, కాలినాది కొట్టేసి కాలింది అన్నాను. మధ్యలో ఫుల్‌స్టాప్ పెట్టాను. పేజీ అంతా అలాగే. చెయ్యి ఎలా కాలిందిరా అని మాత్రం అడగలేదు. వచ్చే ఆదివారం వాడు మూడు లైన్లు రాసుకొచ్చాడు. ‘ఇది ఆవు. ఆవు పాలు ఇస్తుంది. ఆవు మంచిది.’ ఒక్క తప్పు లేదు. నేను వెరీ గుడ్ అని కూడా రాశాను. రెండు వారాల తర్వాత వాడు రావడం మానేశాడు. వాళ్లమ్మ కూరగాయల బండి దగ్గర కనబడి, ‘వాడికి తెలుగు రాదంట మేడం, వాడే అన్నాడు’ అంది.

అందుకే నీ అరవై పేపర్ల గురించి కాస్త ఎక్కువగా మాట్లాడతాను. నీ చాప్టర్‌కి దారి కూడా అక్కడి నుంచే ఉంది.

ఆ అబ్బాయి కొట్టేసిన వాక్యం దగ్గరికి మళ్లీ వద్దాం. ‘మై ఫాదర్ ఈజ్ బ్రేకింగ్ ఐస్ ఇన్ హార్బర్ మార్నింగ్ త్రీ ఓ క్లాక్.’ నువ్వు ఇందులో మూడు తప్పులు చూసి ఉంటావు. వాటిని తెలుగులోకి పెట్టి చూడు. మా నాన్న హార్బర్లో తెల్లవారుజామున మూడింటికి ఐస్ కొడుతుంటాడు. రోజూ చేసే పనిని మనం ‘కొడుతుంటాడు’ అంటాం, ఆ ‘తుంటాడు’ని వాడు ‘ఈజ్ బ్రేకింగ్’ చేశాడు. ‘మూడింటికి’లో ‘కి’ మాటకు వెనక అతుక్కుని ఉంటుంది, ఇంగ్లీషులో దాన్ని తీసి ముందు ‘ఎట్’ అని పెట్టాలి. వెనక ఉన్నది ముందుకు తేవడం మరిచిపోయాడు. హార్బర్‌కి ముందు ‘ది’ లేదు, ఎందుకంటే మన భాషలో అలాంటి మాటే లేదు. మూడు తప్పులకూ లెక్క ఉంది. వాడు ఒక భాష లెక్కను ఇంకో భాషలో వేస్తున్నాడు. ఇది బద్ధకం చేసే పని కాదు.

1970లో న్యూయార్క్ సిటీ కాలేజీ ఓపెన్ అడ్మిషన్స్ పెట్టి, అంతకుముందు గుమ్మం తొక్కనివ్వని పిల్లలందరినీ చేర్చుకున్నప్పుడు అక్కడి మాస్టార్లు పేపర్లు చూసి బెంబేలెత్తారు. వీళ్లకు చదువు చెప్పడం మన వల్ల కాదన్నవాళ్లూ ఉన్నారు. మీనా షాగ్నెసీ అనే అధ్యాపకురాలు అలాంటి పేపర్లు సుమారు 4,000 ముందేసుకుని, ఒక్కో తప్పు ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతూ కూర్చుంది. 1977లో ఆ పని పుస్తకంగా వచ్చింది. నువ్వు అరవై పేపర్లతో అదే పని చేయొచ్చు. పైగా తెలుగూ తమిళమూ తెలిసిన దానివి, ఆవిడకు లేని సదుపాయం నీకుంది. కాశిమేడు అబ్బాయి తప్పుకూ, పక్కన కూర్చున్న తమిళ పిల్ల తప్పుకూ ఒకటే లెక్క ఉందా, వేరుగా ఉందా? ఇది చదవడానికి నేను డబ్బిచ్చి కొనుక్కునే చాప్టర్. మానవ నాగరికత అక్కర్లేదు.

దిద్దడం ఎలాగంటావా, తగ్గించు. రిచర్డ్ హాస్వెల్ అనే ఆయన 1983లో ఒక చిన్న పద్ధతి చెప్పాడు. తప్పు ఏమిటో రాయకుండా, తప్పున్న లైను పక్కన మార్జిన్‌లో ఒక టిక్కు పెట్టి కాగితం తిరిగి ఇచ్చేయడం. ఆ తప్పు ఎక్కడుందో పిల్లలే వెతుక్కుంటారు. ఆయన క్లాసులో పిల్లలు సగానికి పైగా తప్పులు వాళ్లంతట వాళ్లే పట్టుకుని సరిచేసుకున్నారు. నేను ఉద్యోగంలో చివరి పదేళ్లు ఇదే చేశాను. రెండు గంటల కట్ట గంటలోపు అయిపోయేది. మిగిలిపోయిన తప్పులేవో అవే నిజంగా తెలియనివి, బోర్డు మీద చెప్పాల్సినవి. మా స్టాఫ్ రూమ్‌లో నన్ను బద్ధకస్తురాలు అనుకున్నవాళ్లున్నారు. ఎర్రగా కనిపిస్తేనే టీచర్ కష్టపడ్డట్టు లెక్క మనకి. తల్లిదండ్రులు కూడా నోటుబుక్కు తీసి ఎర్ర రంగే చూస్తారు.

టిక్కులు పోగా పేపరుకి ఒకే ఒక్క మాట రాయి. అది ప్రశ్న అయితే మంచిది. ఆ అబ్బాయి పేపర్‌లో నేనైతే కొట్టేసిన వాక్యం చుట్టూ సున్నా చుట్టి, ‘ఇది ఎందుకు కొట్టేశావు?’ అని రాసేదాన్ని. పదికి అయిదు వేశావు, సరే, ఆ మార్కుల్ని ఇప్పుడు ముట్టుకోకు. ఆ కాగితం మాత్రం వాడి చేతికి మళ్లీ ఇవ్వు.

మీ గైడ్ గారి సంగతి. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకూ అలాగే నేర్పి ఉంటారు. నాన్సీ సామర్స్ అనే ఆవిడ 1982లో, ముప్పై అయిదుగురు టీచర్లు పిల్లల పేపర్ల మీద రాసే వ్యాఖ్యలను పరిశీలించింది. ఒకే పేరాలో ‘ఈ కామా సరిచేయి’ అనీ ‘ఈ పేరా మొత్తం మళ్లీ ఆలోచించు’ అనీ రెండూ ఉంటాయట. పారేయాల్సిన పేరాలో కామా ఎందుకు దిద్దుకోవాలో పాపం ఆ పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఇంకొకటి కూడా అంది, ఒక పేపరు మీది వ్యాఖ్యను తీసి ఇంకో పేపరు మీద అతికించినా సరిపోతుందని. ‘బీ క్లియర్’ అనే మాట చెన్నైలో ఏ థీసిస్ మీదైనా రాయొచ్చు. కానీ ఒకటి ఒప్పుకో. నువ్వు ఆయనకు ఇచ్చింది నీట్‌గా ఫార్మాట్ చేసి, పేజీ నంబర్లు వేసి, స్పైరల్ చేయించిన కట్ట. సాపు లాంటి కాగితం చూస్తే ఎవరి పెన్నయినా ‘ఎ’, ‘ది’ లాంటి ఆర్టికల్స్ దిద్దడానికే పోతుంది.

ఈసారి స్పైరల్ వద్దు. నాలుగు పేజీలు చాలు. పైన ‘చిత్తు’ అనే రాయి, ఇంగ్లీషులో రఫ్ డ్రాఫ్ట్ అని. దానికి ఒక చీటీ పిన్ను చెయ్యి. ‘సార్, ఇందులో గ్రామర్ ఇంకా చూసుకోలేదు. పిల్లలు రాసి కొట్టేసే వాక్యాల మీద ఈ చాప్టర్ నడపాలనుకుంటున్నాను. ఈ ఆలోచన నిలబడుతుందా లేదా అన్నది మాత్రం చెప్పండి’ అని. అడిగినదానికే జవాబు ఇచ్చే గైడ్‌లు మనం అనుకున్నంత తక్కువేం కాదు. మనమే అడగం. అప్పటికీ ఎర్ర సిరా తప్ప ఏమీ రాకపోతే, ప్రతి సెమిస్టర్ నీ పని చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది కదా, అందులో ఇంకొకరికి ఆ నాలుగు పేజీలు చూపించు. గైడ్‌గారికి చెప్పే చూపించు, చాటుగా వద్దు. చాటున చేసిన పని డిపార్ట్‌మెంట్లలో సాయంత్రానికి తెలిసిపోతుంది.

పన్నెండు గంటల క్లాసుల మాట కూడా అడగాలి. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో పరిశోధక విద్యార్థులకు బోధన, పరిశోధన సహాయం కింద వారానికి 4 నుంచి 6 గంటల పని అప్పగించవచ్చని ఉంది. నీది దానికి రెట్టింపు. ఆ పేజీ ప్రింట్ తీసుకుని, గొడవ పెట్టుకోవడానికి వచ్చినట్టు కాకుండా, వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్ వేసే ముందే వెళ్లి హెచ్ఓడీ గారిని కలువు. ఒక్క సెక్షన్ తగ్గినా ముప్పై పేపర్లు తగ్గుతాయి. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుంటే ఎవరూ వచ్చి తగ్గించరు.

మీ మావయ్యకు ఏం చెప్పాలి? చెప్పకపోయినా ఏమీ కాదు. పెళ్లిళ్లలో మావయ్యలు అలాగే అంటారు. అయినా నీకోసం చెప్పుకో. రాయడం ఎలా నేర్పాలి అన్న ప్రశ్న మీద తెలుగువాళ్లు తగువులాడుకున్నంతగా ఇంకెవరైనా తగువులాడారా అని నాకు అనుమానం. ఆ తగువు నడిచింది నీ ఊళ్లో కాదు, నువ్వు చదువుకుంటున్న ఈ ఊరి యూనివర్సిటీలో. తెలుగు పిల్లలు పరీక్షలో కాంపోజిషన్ ఏ తెలుగులో రాయాలి, ఇంట్లో మాట్లాడే శిష్టుల భాషలోనా, పాత కావ్యాల గ్రాంథికంలోనా అని మద్రాసు యూనివర్సిటీ ఒక సబ్‌కమిటీ వేసింది. గ్రాంథికం వైపు మొగ్గిన ఆ రిపోర్టును ఒప్పుకోక గురజాడ అప్పారావు గారు 1914లో అసమ్మతి పత్రం రాశారు, ఇంగ్లీషులో, పుస్తకమంత. మరుసటి ఏడాదే పోయారు. పర్లాకిమిడి బడిపంతులు గిడుగు రామమూర్తి గారు ఇంకో పని చేశారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి, ఇదిగో మీకే రావడం లేదు, పదహారేళ్ల పిల్లలకు ఎలా వస్తుందని చూపించారు. పిల్లలు తమ నోట్లో ఉన్న మాటను కొట్టేసి పుస్తకంలో మాట ఎందుకు రాయాల్సి వస్తోంది? ఇది వందేళ్ల కిందటి ప్రశ్న, నీ కాశిమేడు కుర్రాడి ప్రశ్న కూడా. మీ మావయ్య ఇప్పుడు పేపర్‌లో చదివే తెలుగు ఆ తగువులోంచి వచ్చినదే. పోనీ అమెరికా పేరు చెబితే గౌరవమా, అక్కడ కాలేజీల్లో రాయడం నేర్పేవాళ్లకు 1949 నుంచే సొంత సంఘం ఉందని చెప్పు. (నేను జేజి కొట్టేసి నాయనమ్మ రాసిన నాటికి గిడుగు వారి గురించి పరీక్షల కోసం బాగానే చదువుకుని ఉన్నాను. చదువుకోవడం వేరే సంగతి.)

ఇప్పుడు రాయడానికి కూర్చోవడం గురించి. నాకు రాసిన నాలుగు పేజీలు తెలుగులో, చేత్తో రాశావు. మొత్తంలో రెండే కొట్టివేతలు. పిల్లాడు కొట్టేసిన వాక్యం గురించి రాసిన చోట పెన్ను కాస్త గట్టిగా నొక్కావు కూడా, వెనక పేజీలో అచ్చు పడింది. చాప్టర్ అక్కడ మొదలవుతుంది. ఆ పేరా ఒక కాపీ నీ దగ్గర పెట్టుకోకపోతే చెప్పు, ఫొటో తీసి పంపుతాను.

నెల రోజుల పాటు చిత్తు తెలుగులోనే రాయి. చాప్టర్ అనుకోకు, ఊళ్లో మీ చెల్లికి చెబుతున్నట్టు ఆ వారం క్లాసులో ఏం జరిగిందో రాయి. ఇంగ్లీషు మాటలు వస్తే రానివ్వు, ‘రివిజన్’కి తెలుగు వెతుక్కుంటూ కూర్చోకు. పొద్దున్నే, పేపర్లు ముట్టుకోకముందు, నలభై నిమిషాలు. ముందు పేపర్లు దిద్దావంటే ఎర్ర పెన్ను చేతిలోనే ఉండిపోతుంది, అది నా అనుభవం. హాస్టల్‌లో కుదరకపోతే కోట్టూర్‌పురం అన్నా లైబ్రరీకి వెళ్లు, నీకు దూరం కాదు. ల్యాప్‌టాప్ తీసుకెళ్లకు, ముప్పై రూపాయల లాంగ్ నోట్‌బుక్ తీసుకెళ్లు.

తర్వాత దాన్ని ఇంగ్లీషులోకి వాక్యానికి వాక్యం మార్చబోకు, ‘ఈజ్ బ్రేకింగ్’ నీకూ వస్తుంది. నోట్‌బుక్ మూసేసి, అందులో ఉన్నది ఇంగ్లీషులో మళ్లీ చెప్పు. మొదటిసారి పేలవంగానే వస్తుంది. రానివ్వు, అది రెండో చిత్తు. ఆర్టికల్స్, కామాలు, రెఫరెన్సులు అన్నీ ఆ తర్వాత ఒక వారం కూర్చుంటే అయ్యే పని. అప్పుడు కావాలంటే కంప్యూటర్ సాయం కూడా తీసుకో. మొదట్లోనే తీసుకున్నావంటే అది నీకు చక్కగా టైమ్ ఇమ్మెమోరియల్ అని రాసి పెడుతుంది.

నిద్ర పట్టకపోవడం నెల దాటినా తగ్గకపోతే మీ క్యాంపస్‌లో కౌన్సెలర్ ఉంటే కలువు, లేకపోతే డాక్టర్‌కి చూపించుకో. అన్నీ చాప్టర్ మీదికి తోసేయకు.

చివరిగా ఒక జాగ్రత్త. ఆ అబ్బాయి వాక్యం నీ థీసిస్‌లో పెట్టాలంటే వాడిని అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పెట్టు. పేరు మార్చు. మార్కులు వేసే మేడం అడిగితే ఏ పిల్లాడూ వద్దనలేడు కాబట్టి, సెమిస్టర్ అయిపోయి మార్కులు వెళ్లిపోయాక అడుగు. ఇప్పుడు మాత్రం కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు ఒకటి కనుక్కో. వాళ్ల నాన్న ఐస్ కొట్టేది చేత్తోనా, మెషిన్‌తోనా? తెల్లవారుజామున మూడింటికి అక్కడ లైట్లు ఉంటాయా? ఈ ఊళ్లో ఇన్నేళ్లున్నాను, ఆ వేళప్పుడు ఎప్పుడూ హార్బర్ వైపు వెళ్లలేదు. వాడు ఏం చెప్పాడో నాకు కూడా రాయి.